ఆక్సొలాటల్, వకీటా: ఒకే దేశంలో ఆపదలో ఉన్న రెండు ప్రాణుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో ఇది మైన్‌క్రాఫ్ట్‌తో మొదలైంది. 2021లో ఆ గేములోకి ఆక్సొలాటల్ వచ్చింది. మా అమ్మాయి దాన్ని బకెట్లో పెట్టుకుని తిప్పుతూ, "అమ్మా, ఇది నిజంగా ఉందా?" అని అడిగింది. ఉందని చెప్పాను. "అయితే చూద్దాం పద" అంది. అది ఉండేది మెక్సికో నగరం పక్కన, అక్కడ కూడా దాదాపు కనబడటం మానేసిందని చెప్పాల్సి వచ్చినప్పుడు దాని మొహం చూసి కూర్చుని చదవడం మొదలుపెట్టాను. అలా చదువుతుండగానే అదే దేశంలోని వకీటా గురించి తెలిసింది. అప్పటినుంచి ఈ రెండింటి సంగతి నేను ఎక్కడ ఎత్తినా పిల్లలూ పెద్దలూ ఇంచుమించు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను.

అసలు ఇవి ఏ జంతువులు?

ఆక్సొలాటల్ ఉభయచరం. కప్పకు దూరపు చుట్టమైన సాలమాండర్ జాతి. జానెడు పొడవుంటుంది, బాగా పెరిగితే అడుగు దాకా వస్తుంది. తలకి రెండు వైపులా మూడేసి ఈకల్లాంటి మొప్పలు, కనురెప్పలు లేని చిన్న కళ్ళు, నవ్వుతున్నట్టుండే నోరు. ఫొటోల్లో చూసే గులాబీ తెలుపు రంగు పెంపకంలో వచ్చింది. అడవిలో పుట్టినది ముదురు గోధుమ రంగులో బురదలో కలిసిపోయేలా ఉంటుంది.

వకీటా క్షీరదం. డాల్ఫిన్‌కి దగ్గరి బంధువైన పార్పాయిస్ జాతి. ఐదడుగుల పొడవు, నలభై యాభై కిలోల బరువు. తిమింగలాలు, డాల్ఫిన్లు అన్నీ కలిసిన పెద్ద కుటుంబంలో ఇదే అన్నిటికంటే చిన్నది. కళ్ళ చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లటి వలయం, పెదవులు కూడా నలుపే. మెక్సికో వాయవ్యాన కాలిఫోర్నియా సింధుశాఖ ఉత్తరపు కొసన తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. శాస్త్రవేత్తలు దీన్ని కొత్త జాతిగా గుర్తించి పేరు పెట్టింది 1958లోనే. ఇంకా డెబ్బై ఏళ్ళు కూడా కాలేదు.

ఆ పేర్లకి అర్థం ఏమిటి?

వకీటా అంటే స్పానిష్‌లో చిన్న ఆవు. మనం లేగదూడ అన్నంత ముద్దుగా పిలిచే పేరు.

ఆక్సొలాటల్‌ది ఇంకా పాత కథ. స్పానిష్ వాళ్ళు రాకముందు అక్కడ ఏలిన ఆజ్టెక్కుల భాష నావాట్ల్‌లో "ఆట్ల్" అంటే నీరు, షోలోట్ల్ ఒక దేవుడి పేరు. లోకం నడవాలంటే దేవుళ్ళందరూ బలి కావాల్సిన సమయం వస్తే, షోలోట్ల్ ఒప్పుకోక పారిపోయాడట. ముందు మొక్కజొన్నగా మారాడు, తర్వాత కలబంద లాంటి మాగే మొక్కగా మారాడు, చివరికి నీళ్ళలో దూకి ఆక్సొలాటల్ అయ్యాడు, అక్కడ దొరికిపోయాడు. మా అమ్మాయికి ఈ కథ చెప్తే, "ఇప్పుడు కూడా అదే జరుగుతోంది కదమ్మా" అంది. నాకు మాట రాలేదు.

ఇన్ని జంతువులుండగా ఈ రెండింటినే పోల్చడం ఎందుకు?

రెండూ ఒకే దేశానివి. రెండూ ఇంకెక్కడా సహజంగా లేనివి. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో రెండూ ఒకే గడిలో ఉన్నాయి: తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్నవి. వకీటా ఆ గడిలోకి 1996లో వెళ్ళింది, ఆక్సొలాటల్ 2006లో.

ఒకే గడిలో ఉన్నాయి కదా అని రెండింటి కష్టం ఒకటే అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. చదివిన కొద్దీ తెలిసింది, పూర్తిగా తలకిందులని. ఆక్సొలాటల్‌కి ప్రాణాలున్నాయి, ఇల్లు లేదు. వకీటాకి ఇల్లుంది, ప్రాణం నిలవడం లేదు. ఒకదానికి పనికొచ్చే మందు రెండోదాన్ని చంపేస్తుంది. నిజంగానే చంపింది కూడా, ఆ సంగతి కింద రాశాను. "అంతరించిపోతున్న జంతువులు" అని అన్నిటినీ ఒకే మూటలో కట్టి మాట్లాడటం నాకు నచ్చకుండా పోయింది అందుకే.

ఆక్సొలాటల్స్ పెట్ షాపుల్లో, యూట్యూబ్ వీడియోల్లో బోలెడు ఉన్నాయి. అంతరించిపోవడం ఏమిటి?

అందరూ మొదట అడిగేది ఇదే. న్యాయమైన ప్రశ్న కూడా.

1860లలో మెక్సికో నుంచి 34 ఆక్సొలాటల్స్ పారిస్‌కి వెళ్ళాయి. వాటిలో ఆరు 1864లో ఆగస్ట్ డ్యుమెరీల్ అనే శాస్త్రవేత్త చేతికి వచ్చాయి. అవి గుడ్లు పెట్టాయి, పిల్లలు పెరిగాయి. ఆ పిల్లల్లో కొన్ని ఉన్నట్టుండి మొప్పలు పోగొట్టుకుని నేల మీద నడిచే సాలమాండర్లుగా మారిపోవడంతో యూరప్ అంతా ఆశ్చర్యపోయింది. మామూలుగా ఆక్సొలాటల్ అలా మారదు. తోకకప్ప కప్పగా మారకుండా, తోకకప్పగానే ఉండిపోయి పిల్లల్ని కంటే ఎలా ఉంటుందో అలాంటిది ఇది. ఆ విచిత్రం వల్ల ప్రపంచంలోని ప్రయోగశాలలన్నీ దీన్ని పెంచడం మొదలుపెట్టాయి. ఇప్పుడు తొట్లలో ఉన్నవాటిలో చాలావరకు ఆ పారిస్ మంద సంతానమే.

తొట్లలో ఎన్ని ఉన్నా, కాలువలో లేవు. అది సహజంగా ఉండే మెక్సికో నగరపు సోచిమిల్కో కాలువల్లో 1998లో లెక్క వేస్తే చదరపు కిలోమీటరుకి 6,000 ఉండేవి. 2000ల మొదట్లో సుమారు 1,000. 2008లో 100. 2014లో 36. పదహారేళ్ళలో ఆరు వేలు ముప్పై ఆరయింది.

పైగా తొట్టిలో ఉన్నదీ కాలువలో ఉన్నదీ జన్యుపరంగా ఒకటి కాదు. తెల్లటి అల్బినో రకం కోసం 1962లో ప్రయోగశాలలో టైగర్ సాలమాండర్ అనే వేరే జాతితో సంకరం చేశారు. ఆ రక్తం ఇప్పుడు పెంపుడు ఆక్సొలాటల్స్‌లో చాలావాటిలో పారుతోంది.

సోచిమిల్కోలో ఏం జరిగింది?

మెక్సికో నగరం ఉన్న చోట ఒకప్పుడు వరుసగా పెద్ద సరస్సులు ఉండేవి. ఆజ్టెక్కులు ఆ నీళ్ళ మధ్యలోనే తెనోచ్‌తిత్లాన్ అనే రాజధాని కట్టుకున్నారు. సోచిమిల్కో రైతులు సరస్సు లోతు తక్కువగా ఉన్న చోట బురద, గడ్డి, చెట్ల కొమ్మలు పేర్చి, గట్ల వెంట విల్లో జాతి చెట్లు నాటి, నీటి మధ్యలో మళ్ళు చేసుకున్నారు. వాటిని చినాంపాలు అంటారు. మడికీ మడికీ మధ్య కాలువ, కాలువలో పడవ. మన లంక గ్రామాలు చూసినవాళ్ళు ఊహించుకోగలరు. కాకపోతే ఇక్కడ లంకని నది వేయలేదు, మనుషులే వేసుకున్నారు. ఆ కాలువల్లో ఆక్సొలాటల్ హాయిగా బతికింది. మనుషులు దాన్ని తిన్నారు, మందులో వాడారు, అయినా తగ్గలేదు.

1521లో స్పానిష్ వాళ్ళు రాజధానిని గెలిచాక, వరదల భయంతో సరస్సుల నీటిని బయటికి తోడేయడం మొదలుపెట్టారు. 1607లో మొదలైన ఆ పని వందల ఏళ్ళు సాగింది. ఆక్సొలాటల్ ఉండే రెండో సరస్సు చాల్కో ఎండిపోయింది. మిగిలింది సోచిమిల్కో కాలువలు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడి ఊట బుగ్గల నీటిని గొట్టాలేసి నగరానికి తీసుకుపోయారు. బుగ్గలు ఎండిపోయాక, కాలువలు ఎండకుండా నగరపు మురుగునీటినే శుద్ధిచేసి తిరిగి పంపారు. ఊట నీళ్ళు తీసుకుని మురుగు నీళ్ళు ఇచ్చారన్నమాట.

అది చాలదన్నట్టు 1970, 80లలో ప్రజలకు చవగ్గా చేపల ఆహారం అందించాలని కామన్ కార్ప్, తిలాపియా పిల్లల్ని కాలువల్లో వదిలారు. కామన్ కార్ప్ అంటే మన చెరువుల్లో పెంచే బంగారు తీగే. ఉద్దేశం మంచిదే. కానీ బంగారు తీగ అడుగు బురదంతా కెలికి, ఆక్సొలాటల్ గుడ్లు అంటించుకునే నీటి మొక్కల్ని పీకేసింది. గుడ్లని, పిల్లల్ని రెండు చేపలూ తినేశాయి. అంతవరకు ఆ కాలువల్లో పెద్ద వేటగాడు ఆక్సొలాటలే. పారిపోవడం, దాక్కోవడం దానికి అంతగా అవసరపడలేదు.

ఇప్పుడు చినాంపాల్లో చాలావాటిలో సాగు ఆగింది. కొన్ని చోట్ల ఫుట్‌బాల్ మైదానాలు, ఇళ్ళు వచ్చాయి. వారాంతాల్లో రంగుల పడవల్లో పాటలు, మందు పార్టీలు. యునెస్కో 1987లో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, 2004లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద చిత్తడి నేల గుర్తింపు కూడా వచ్చింది. మన కొల్లేరుకి అదే గుర్తింపు అంతకు రెండేళ్ళ ముందు వచ్చింది. బోర్డు పెట్టినంత మాత్రాన నీళ్ళు బాగుపడవని కొల్లేరు దగ్గర పెరిగినవాళ్ళకి నేను వేరే చెప్పనక్కర్లేదు.

వకీటాని ఎవరు వేటాడుతున్నారు?

ఎవరూ వేటాడటం లేదు. నన్ను అన్నిటికంటే బాధపెట్టే సంగతి ఇదే. వకీటా మాంసం ఎవరికీ అక్కర్లేదు, చర్మం అక్కర్లేదు. అది వేరేదాని కోసం వేసిన వలలో చిక్కి, పైకి వచ్చి ఊపిరి తీసుకోలేక చనిపోతుంది.

ఆ వేరేది టొటోవాబా అనే చేప. ఇదీ ఆ సింధుశాఖలోనే ఉంటుంది. వంద కిలోల దాకా పెరుగుతుంది, అంటే వకీటాకి సమానమైన, ఇంకా పెద్ద శరీరం. దీని పొట్టలో ఉండే గాలి తిత్తిని ఎండబెట్టి చైనాకి దొంగతనంగా పంపుతారు. అక్కడ సూప్‌లో, మందుల పేరుతో, బహుమతులుగా వాడతారు. చైనా తీరంలో ఇలాంటి తిత్తికి పేరుపడ్డ పెద్ద చేపను అతిగా పట్టేసి లేకుండా చేసుకున్నాక, దాని బదులుగా టొటోవాబా మీద పడ్డారు. కిలో తిత్తి వేల డాలర్లు పలుకుతుంది. మెక్సికో ప్రభుత్వం 1975లోనే టొటోవాబా వేటను నిషేధించింది. ధర అంత ఉన్నప్పుడు నిషేధం ఎంతవరకు నిలుస్తుంది?

తెలుగువాళ్ళకి ఇది అర్థం కాని విషయమేం కాదు. అంతర్వేదిలోనో కాకినాడలోనో కచిడి చేప దొరికిందని, లక్షల్లో పలికిందని మన పేపర్లలో తరచూ వార్త వస్తుంది. ఆ ధర మాంసానిది కాదు, పొట్టలోని తిత్తిది. కచిడి, టొటోవాబా ఒకే కుటుంబపు చేపలు. ఒక్క వేటతో అప్పులన్నీ తీరిపోయే చేప అంటే కాకినాడ జాలరికైనా మెక్సికోలోని సాన్ ఫెలిపే జాలరికైనా ఆశ ఒకటే.

టొటోవాబా కోసం వేసేది గిల్‌నెట్. నీళ్ళలో గోడలా నిలబడే వల. చేప తల దూర్చి, వెనక్కి లాగబోతే మొప్పల దగ్గర చిక్కుకుంటుంది. వకీటా తల కూడా సరిగ్గా ఆ కంతల్లోనే పడుతుంది. రొయ్యల కోసం వేసే గిల్‌నెట్లలోనూ ఇది చనిపోతుంది కాబట్టి తప్పంతా స్మగ్లర్లదే అనడం కుదరదు. మామూలు, ఒకప్పుడు అనుమతి ఉన్న రొయ్యల వేటకి కూడా ఇందులో పెద్ద వాటా ఉంది.

లెక్కలు: 1997లో 567. 2008లో 245. 2015లో 59. 2016లో 30. 2018 నాటికి ఇరవై లోపే.

కొలరాడో నది మీద ఆనకట్టలు కట్టడం వల్ల సముద్రం పాడైందని, అందుకే వకీటా పోతోందని చదివాను. నిజమేనా?

ఆ సింధుశాఖలో కలవాల్సిన ఆ నది నీళ్ళు దాదాపు సముద్రానికి చేరడం లేదన్నది నిజం. అమెరికా ఆనకట్టలు దారిలోనే ఆపేస్తాయి. దాని వల్ల ఆ డెల్టాకి జరిగిన నష్టం కూడా నిజం. కానీ వకీటాలు చనిపోవడానికి కారణం అది కాదు. వలల్లో దొరికిన వకీటాల కళేబరాలు పరీక్షిస్తే అవి బక్కచిక్కి లేవు, కడుపు నిండా తిని ఆరోగ్యంగా ఉన్నాయి. ఆ సముద్రంలో తిండికి ఇప్పటికీ లోటు లేదు. ఈ వాదనను గిల్‌నెట్లు ఆపడం ఇష్టం లేనివాళ్ళు చాలా ఏళ్ళు వాడుకున్నారు, దానివల్ల విలువైన సమయం పోయింది.

మరి వకీటాలని కూడా పట్టి, తొట్లలో పెంచి, సంఖ్య పెరిగాక వదిలేయొచ్చు కదా?

ప్రయత్నించారు. 2017 అక్టోబరులో మెక్సికో ప్రభుత్వం, అనేక దేశాల నిపుణులు కలిసి మిగిలిన వకీటాలను పట్టి సముద్రంలోనే కట్టిన పెద్ద ఆవరణలో ఉంచాలని వెళ్ళారు. వాటిని వెతకడానికి అమెరికా నౌకాదళం శిక్షణ ఇచ్చిన డాల్ఫిన్లను కూడా తీసుకొచ్చారు. ముందు ఒక పిల్ల దొరికింది. అది విపరీతంగా బెదిరిపోతుంటే పట్టిన చోటే వదిలేశారు. నవంబరు మొదట్లో ఒక పెద్ద ఆడ వకీటా దొరికింది. కొన్ని గంటల్లోనే దాని గుండె ఆగిపోయింది. అక్కడితో ఆ కార్యక్రమం ఆపేశారు.

ఆ బృందంలో ఉన్నవాళ్ళు ఎంత జాగ్రత్తపరులో, ఎంత ప్రేమతో వెళ్ళారో తెలుసు కాబట్టి నేను వాళ్ళని తప్పుపట్టను. ముప్పై లోపే మిగిలినప్పుడు ఏదో ఒకటి చేయాలి కదా అనిపిస్తుంది. కానీ ఆక్సొలాటల్‌ని కాపాడిన తొట్టి పద్ధతి వకీటాకి ప్రాణాంతకమని ఆ రోజు తేలిపోయింది.

తొట్టి పద్ధతి గురించే ఒక చిన్న మాట. మెక్సికోలోనే పాట్స్‌కువారో అనే ఊళ్ళో ఆక్సొలాటల్‌కి దగ్గరి బంధువైన ఆచోకె అనే మరో సాలమాండర్‌ని డొమినికన్ సన్యాసినులు తమ మఠంలో పెంచుతారు. దానితో దగ్గు మందు తయారుచేసి అమ్మడం వాళ్ళ సంప్రదాయం. సరస్సులో ఆ జాతి కనుమరుగవుతుంటే మఠంలోని తొట్లలో మాత్రం అది క్షేమంగా ఉంది. పూజ గదుల పక్కన ఒక జాతి ప్రాణం నిలబడటం నాకు ఎంతో నచ్చిన సంగతి.

అయితే తొట్లలోని ఆక్సొలాటల్స్‌ని తీసుకెళ్ళి కాలువల్లో వదిలేస్తే సరిపోదా?

నీళ్ళు బాగుపడకుండా వదిలితే అవి కార్ప్‌లకి మేత అవుతాయి. తొట్లలో పుట్టిన రోగాలు కూడా వాటితో పాటు కాలువకి వెళ్తాయి. అందుకని మెక్సికో జాతీయ స్వయంప్రతిపత్తి విశ్వవిద్యాలయంలో లూయిస్ సాంబ్రానో, ఆయన సహచరులు వేరే దారి పట్టారు. చినాంపా రైతులతో కలిసి, పొలాల మధ్యలోని సన్నటి కాలువల మొదట్లో రాళ్ళు, నీటి మొక్కలతో వడపోత గట్లు కడుతున్నారు. నీరు శుభ్రపడి లోపలికి వస్తుంది, కార్ప్ రాలేదు. ఆ రైతు పురుగు మందులు వాడడు, పాత పద్ధతిలో సాగు చేస్తాడు, పంటకి కాస్త మంచి ధర వచ్చేలా వీళ్ళు చూస్తారు. ఆక్సొలాటల్‌ని కాపాడటం అంటే ముందు రైతుని పొలంలో నిలబెట్టడం అని వాళ్ళు గుర్తించారు. ఇంత తెలివైన ఆలోచన నేను సంరక్షణ విషయాల్లో తక్కువగా చూశాను.

వదిలితే బతుకుతాయా అన్నది కూడా చూశారు. 2017, 2018లలో పెంపకంలో పుట్టిన 18 ఆక్సొలాటల్స్‌కి చిన్న రేడియో పరికరాలు పెట్టి, కొన్నిటిని అలాంటి చినాంపాలో, కొన్నిటిని నగరంలోని ఒక పాత రాతి గని నీటి గుంటలో వదిలారు. గమనించిన రోజులన్నీ బతికే ఉన్నాయి. మళ్ళీ పట్టుకున్నవి బరువు కూడా పెరిగాయి, అంటే వేట మర్చిపోలేదు. ఈ ఫలితాలు 2025లో ప్రచురించారు.

సంఖ్య ఇంత తగ్గాక, మేనరికాల్లో వచ్చే సమస్యలు వీటికి రావా? ఇక లాభం లేదేమో?

వకీటా గురించి చాలామంది ఇలాగే ఆశ వదిలేశారు. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన దానికి జవాబిచ్చింది. 1985 నుంచి 2017 వరకు దొరికిన 20 వకీటాల జన్యువులు చదివితే, ఈ జాతి సుమారు రెండున్నర లక్షల ఏళ్ళుగా కొద్ది సంఖ్యలోనే, కొన్ని వేలే ఉంటూ వచ్చిందని తేలింది. దగ్గరి రక్తంలో బయటపడే చెడ్డ జన్యు లోపాలు అంతకాలంలో మెల్లగా వడకట్టుకుపోయాయి. ఇప్పుడు హఠాత్తుగా తగ్గినా ఆ జబ్బులు పెద్దగా రావు. గిల్‌నెట్ చావులు పూర్తిగా ఆగితే అంతరించే అవకాశం ఆరు శాతమే అని వాళ్ళ లెక్క. అదే చావులు ఎనభై శాతం మాత్రమే తగ్గితే, అంతరించే అవకాశం 62 శాతం. "చాలావరకు ఆపాం" అంటే చాలదన్నమాట, పూర్తిగా ఆపాలి.

ఆక్సొలాటల్ విషయంలో రక్తపు సమస్య నిజంగా ఉంది. కాలువల్లోనూ తొట్లలోనూ దగ్గరి బంధువుల మధ్యే సంతానం కలుగుతోంది.

ఏది త్వరగా కోలుకోగలదు?

ఆక్సొలాటలే, అనుమానం లేదు. ఒక్క ఆడది ఒక్కసారే వందల గుడ్లు పెడుతుంది. ఏడాదిలో పిల్ల పెద్దదవుతుంది. మంచి నీళ్ళు ఇస్తే చాలు. వకీటా పది పదకొండు నెలలు మోసి ఒక్క పిల్లని కంటుంది, ఆ పిల్ల తల్లి కావాలంటే మూడు నుంచి ఆరేళ్ళు పడుతుంది. ఒక తల్లి వలలో పడితే ఆ లోటు తీరడానికి ఏళ్ళు పడుతుంది.

తెగిన కాలు మళ్ళీ మొలుస్తుందట కదా?

అవును. కాలు, తోక, వెన్నుపాము, గుండెలో మెదడులో కొంత భాగం కూడా, మచ్చ లేకుండా. దీని జన్యుపటం 2018లో పూర్తిగా చదివారు, మనిషిదానికి పదింతలు పెద్దది. కాలు పోతే తెచ్చుకుంటుంది గానీ కాలువ పోతే తెచ్చుకోలేదు.

ఇదంతా జాలర్ల తప్పేనా?

నేను అలా అనుకోను. 2015లో ప్రభుత్వం గిల్‌నెట్లు ఆపి నష్టపరిహారం ఇస్తామంది. అది ఎక్కువగా పర్మిట్లున్న పడవ యజమానులకే చేరిందని, పడవ మీద పనిచేసే కూలీలకి అందలేదని విమర్శలు వచ్చాయి. 2018 చివర్లో ఆ డబ్బూ ఆగిపోయింది. వకీటాకి హాని చేయని వలలు తయారయ్యాయి గానీ, వాటితో బతుకు గడిచేలా సాయం చేయడంలో శ్రద్ధ కనబడలేదు. కోపం పెరిగి పడవల మధ్య గొడవల దాకా వెళ్ళింది. 2020 డిసెంబరు 31న సంరక్షకుల ఓడ, జాలర్ల పడవ ఢీకొన్నప్పుడు గాయపడిన ఒక జాలరి తర్వాత చనిపోయాడు. వకీటా ప్రాణం గురించి రాసేవాళ్ళు ఆ మనిషి ప్రాణం గురించి కూడా రాయాలి.

పనిచేసిన ఉపాయం ఒకటి ఉంది. 2020లో 225 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని అసలు వల వేయకూడని చోటుగా ప్రకటించారు. 2022లో నౌకాదళం అక్కడి సముద్రం అడుగున కొక్కేలున్న 193 కాంక్రీటు దిమ్మెలు దించింది. వల వేస్తే దిమ్మెకి చిక్కి చిరిగిపోతుంది. వల ఖరీదైనది కాబట్టి అక్కడికి వెళ్ళడం బాగా తగ్గింది.

మొత్తం మీద ఉభయచరాలకా, క్షీరదాలకా ఎక్కువ ప్రమాదం?

ఉభయచరాలకి. 2023లో ప్రచురించిన ప్రపంచవ్యాప్త అంచనా ప్రకారం ఉభయచర జాతుల్లో 41 శాతం ప్రమాదంలో ఉన్నాయి, క్షీరదాల్లో ఇది 27 శాతం దాకా. అయినా పులి, ఏనుగు మనకి గుర్తొచ్చినట్టు కప్పలు గుర్తురావు. ఆ విషయంలో ఆక్సొలాటల్ అదృష్టవంతురాలు. మెక్సికో 2021లో తెచ్చిన యాభై పెసోల నోటు మీద దాని బొమ్మ వేసింది.

ఆక్సొలాటల్‌ని ఇంట్లో పెంచుకోవచ్చా?

మా అమ్మాయీ అడిగింది, నేను వద్దన్నాను. దానికి 16 నుంచి 18 డిగ్రీల చల్లటి నీళ్ళు కావాలి. 24 దాటితే జబ్బు పడుతుంది. విజయవాడ మే నెలలో నీళ్ళు చల్లబరిచే చిల్లర్ లేకుండా అది బతకదు, కరెంటు పోతే టెన్షన్ మనకి, ప్రాణం దానికి. పైగా ఇది అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. మన వన్యప్రాణి చట్టానికి 2022లో వచ్చిన సవరణ ప్రకారం అలాంటి ప్రాణి దగ్గరుంటే ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. ఇప్పటికే ఉన్నవాళ్ళు బాగా చూసుకోండి. విసుగొచ్చిందని చెరువులో మాత్రం వదలొద్దు.

అంత పెద్ద సముద్రంలో ఏడెనిమిది వకీటాలని ఎలా లెక్కపెడతారు? బురద కాలువలో ఆక్సొలాటల్స్‌ని ఎలా?

ఆక్సొలాటల్స్ కోసం ఏళ్ళ తరబడి స్థానిక జాలర్లే విసురు వలలు వేసి పట్టి, లెక్కపెట్టి, వదిలేవారు. ఇప్పుడు దానికి తోడు కాలువ నీటిని సీసాలో తీసుకెళ్ళి, అందులో కరిగిన డీఎన్ఏ ఆనవాళ్ళు వెతుకుతున్నారు. ప్రాణి కనబడకపోయినా అది ఆ నీళ్ళలో ఉందో లేదో తెలుస్తుంది.

వకీటా పడవ చప్పుడు వింటే తప్పుకుంటుంది. నెమ్మదిగా పైకి వచ్చి, ఒక్క ఊపిరి తీసుకుని, నీళ్ళు చెదరకుండా మునిగిపోతుంది. అందుకని ముందు చెవితో వెతుకుతారు. అది దారి తెలుసుకోవడానికి మన చెవికి అందని సన్నటి టిక్ టిక్ శబ్దాలు చేస్తుంది, సముద్రంలో దించిన పరికరాలు వాటిని రికార్డు చేస్తాయి. ఎక్కడ వినబడ్డాయో ఆ వైపు ఓడ వెళ్తుంది. పై డెక్ మీద పెద్ద బైనాక్యులర్ల వెనక మనుషులు వంతులవారీగా నిలబడి గంటలకొద్దీ నీళ్ళనే చూస్తారు. 2023లో అలా చూసినప్పుడు 10 నుంచి 13 కనిపించాయని నిపుణుల అంచనా, వాటిలో పిల్ల కూడా ఉంది. 2024 మేలో మళ్ళీ మూడు వారాలు చూశారు. 6 నుంచి 8 కనిపించాయి. ఆసారి పిల్ల కనబడలేదు.